ఎవురి బిడ్డవమ్మా?

కలంకారీ గుడ్డ మీద వెదురు కలంతో గీత తీయడంలో శ్రీకాళహస్తిలో కోమలికి మంచి పేరుంది. 2007 వేసవి సెలవుల్లో, పదమూడేళ్ళ కూతురు స్రవంతి చదువుకు పనికొస్తుందని, భర్త గిరి ఇంట్లో కంప్యూటరూ ఇంటర్‌నెట్టూ పెట్టించాడు. దుమ్ము పడకుండా లోపలి గదిలో ఉంచి, తలుపు వేసుకోమని చెప్పిందీ అతడే. బిడ్డ వీధుల వెంట తిరగడం లేదు, కళ్ళెదుటి గదిలోనే ఉంది. ఇక భయమేమిటని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం స్రవంతి అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా ఏడ్చింది; ఏమైందని అడిగితే కంప్యూటర్ గదివైపు చూపించింది. కోమలి లోపలికి వెళ్ళి, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు మాటలను కూడబలుక్కుంటూ చదివింది.

“ఎవురి బిడ్డవమ్మా?” ఇంటర్‌నెట్టు ఛాటింగులో ఎవడో ముక్కూ మొగం తెలియనివాడు, తనను అన్న అనుకోమంటూ అడిగిన మొదటి మాట అది. పిల్ల తడుముకోకుండా చెప్పేసింది: కలంకారీ గిరి బిడ్డను, ఫలానా వీధి, ఫలానా బడి, ఎనిమిదో తరగతి. పెళ్ళిలోనో బస్సులోనో పెద్దలు ఆ మాటడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడిన పిల్లకు పెంపకం లేదంటారు ఆ సీమలో. నాలుగో ఏట నుంచీ కూతురికి ఆ జవాబు వల్లె వేయించింది కోమలే. తర్వాత వాడు బడి వార్షికోత్సవం ఫోటో అడిగాడు, పిల్ల పంపింది. ఇప్పుడు కెమెరా ముందు కూర్చోమంటున్నాడు. కాదంటే ఆ ఫోటోను పాడుగా మార్చి బడికి పంపుతానంటున్నాడు.

సాయంత్రానికి గిరి అన్న చెంగయ్య వచ్చి, విన్నదే చాలన్నట్టు తీర్పు చెప్పాడు.

“రేపట్నుంచి దాన్ని బడి మాన్పించు రా గిరీ. ముక్కూ మొగం తెలీనోడితో మాటలేందంట దీనికి?”

గిరి తలూపాడు. “నిజమే అన్నా. పరువు పోతే మళ్ళీ యాడ తెస్తాం?”

ఎంత నీచమైన న్యాయమిది! బెదిరించినవాడి మీద ఒక్క మాట పడలేదు. బెదిరింపుకు గురైన పిల్లకు మాత్రం వాదన వినకుండానే శిక్ష ఖరారైంది. పరువు పేరిట ఇళ్ళల్లో నడిచే విచారణల్లో ఆడపిల్లకు సాక్షి స్థానం కూడా దక్కదు; ఎప్పుడూ ముద్దాయి స్థానమే.

“అడిగితే చెప్పమని నేర్పింది నేను బావా,” అంది కోమలి. “తలుపేసుకోమన్నది మీ తమ్ముడు. తప్పు మా ఇద్దరిదైతే, మేమేమన్నా బడికి పోతా ఉండామా, మానేదానికి?”

“నోరు బాగా లేస్తా ఉండాదే నీకు!”

“పోయిన్నెల బస్సులో ఎవురో అడిగితే, మీ మనవరాలు ఇంటి నెంబరుతో సహా చెప్పిందని వీధంతా చాటుకుంటిరే. అప్పుడు యాడ పోయింది ఈ పరువు?”

చెంగయ్య కండువా దులుపుకుని, గడప దాటి వెళ్ళిపోయాడు. రేపే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తానంది కోమలి.

“స్టేషన్‌కు పోతే ఊరంతా తెలిసిపోతాది కోమలీ,” అన్నాడు గిరి, గొంతు తగ్గించి.

“తెలియనీ. మనం చెప్పుకోలేమనే కదా వాడి ధైర్యం!”

తెర మీది మాట ఒక్కటీ చెరపలేదు ఆమె. కూతురి చేతే వాటిని సీడీలోకి ఎక్కించింది. సోమవారం పొద్దున్నే స్రవంతికి జడ వేసి, తానే వెంట నడిచి బడిలో దిగబెట్టింది. అక్కడి నుంచి కంప్యూటర్ అంగడికి వెళ్ళి అన్నీ అచ్చు వేయించి, పదకొండు కాగితాలతో స్టేషన్‌కు వెళ్ళింది. ఫిర్యాదు కొట్టివేత లేకుండా సొంత దస్తూరీతో రాసింది.

అక్కడి రైటరు శ్రద్ధగానే చదివాడు. “అంతా సరిగ్గా ఉండాదమ్మా. ‘నా కూతురు ఏ తప్పూ చేయలేదు’ అని మొదట్లోనే రాసినావే, ఆ వాక్యంతో మాకు పని లేదు. కొట్టేద్దామా?”

“వద్దు సార్. మీకు పని లేకపోవచ్చు,” అంది కోమలి. “ముద్రేసిన నకలు నాకిస్తారు కదా? దాన్ని మా ఇంట్లోవాళ్ళు చదవాల.”