గొర్రెపిల్లకు బిల్లు

క్రిస్మస్‌కు తోటి ఉద్యోగికి ఇచ్చే బహుమతి మీద ఎంత ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు మా కంపెనీ నోటీసు బోర్డు మీదే సమాధానం ఉండేది. ఖర్చు మూడు వందలు దాటకూడదు. బిల్లు జత చెయ్యాలి.

సోమందేపల్లె దాటాక హైవే పక్కన కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీ మాది. అందులో నేను స్టోర్స్ ఇన్‌ఛార్జిని. పని చేసేవాళ్లలో క్రిస్మస్ చేసుకునే ఇళ్లు రెండో మూడో ఉంటాయి. కానీ యజమానులు విదేశీయులు కాబట్టి డిసెంబరు రాగానే అందరికీ క్రిస్మస్ వచ్చేది. బెంగళూరు నుంచి వచ్చిన హెచ్.ఆర్. అమ్మాయి గేటు పక్కన ప్లాస్టిక్ చెట్టు నిలబెట్టించి, దాని మీద దూది అంటించింది. అది మంచు అని చెప్పింది. రెండేళ్లుగా సరైన వాన చూడని వాళ్లం, మంచు గురించి ఎవరం ఏమీ మాట్లాడలేదు.

అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లకు బహుమతి ఇవ్వాలి. ఇచ్చింది ఎవరో చెప్పకూడదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా వైపు పెళ్లిలో ఎవరేం చదివించారో మైకులో చెబుతారు. స్టీలు బిందె ఇచ్చినా దాని మీద పేరు కొట్టించి ఇస్తారు. పేరు చెప్పకుండా ఇచ్చేదాన్ని ఇవ్వడం అంటారా, పారేసుకోవడం అంటారా అని క్యాంటీన్లో రెండు రోజులు చర్చ జరిగింది. మొదటి సంవత్సరం సగం మంది టిఫిన్ డబ్బాల అడుగున పేర్లు కొట్టించుకునే తెచ్చారు. ఒకాయన తన సూపర్‌వైజరుకు వెండి కుంకుమ భరిణె ఇచ్చాడు. మూడు వందల నియమం, బిల్లు నియమం ఆ భరిణెతో పుట్టినవే.

నాకు ఆ నియమం నచ్చింది. చిలమత్తూరులో మా నాయనది కిరాణా అంగడి. ఏ వస్తువును చూసినా ముందు దాని ధర తోచే ఇంట్లో పెరిగాను. సంతలో గొర్రెలు అమ్ముకున్న వాళ్లు నేరుగా మా అంగడికే వచ్చి బెల్లం, చింతపండు తీసుకునేవాళ్లు. ఏ జీవం ఎంతకు పోయిందో వాళ్లు నాయనకు చెబుతుంటే విని, మాంసం ముట్టని ఇంట్లో ఉండి కూడా గొర్రెల ధరలు నేర్చుకున్నాను. ఆ అంగడిలో ఇంకో నియమం కూడా ఉండేది. ధర ఎంతైనా చెప్పు, అబద్ధపు ధర మాత్రం చెప్పకు.

ఆ తర్వాతి ఏడాది నాకు గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ పెద్దాయన చీటీ వచ్చింది. హిందూపురంలో ఫ్లాస్కు కొన్నాను. రెండు వందల ఎనభై చెప్పిన దాన్ని ముప్పావు గంట బేరమాడి రెండు వందల పదికి తెచ్చాను. నోటీసులో రాసింది మూడు వందలు పెట్టమని కాదు, దాటకూడదని. ఈ తేడా నాకు బాగా తెలుసు.

ఇక నా చీటీ ఎవరికి వచ్చిందో చెప్పాలి. మా స్టోర్స్‌లో సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతనికి వచ్చింది. ముప్పై దాటినవాడు, కాంట్రాక్టు మనిషి. పని బాగా చేస్తాడు, వేళకు మాత్రం రాడు. ఎనిమిదికి షిఫ్టు మొదలైతే ఎనిమిదిన్నరకో, తొమ్మిదికి పది నిమిషాల ముందో వచ్చి, "అక్కా, ఈపొద్దు ఒక్కదినం" అనేవాడు. నాకు కోపం ఎక్కువ. ప్రతిరోజూ తిట్టేదాన్ని, అతను తలొంచుకుని విని ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేవాడు. ఆ సంవత్సరం రెండు మెమోలు కూడా రాశాను. మెమో కాగితంలో మూడు గడులు ఉంటాయి: పేరు, వచ్చిన వేళ, కారణం. కారణం గడిలో రెండుసార్లూ నేనే "నిర్లక్ష్యం" అని రాశాను. సంవత్సరంలో మూడు మెమోలు పడితే జనవరిలో కాంట్రాక్టు పొడిగించరు.

బహుమతుల రోజు క్యాంటీన్లో బల్ల మీద పొట్లాలన్నీ పేర్చారు. అందరి పేర్లూ పిలిచారు, నా పేరు పిలవలేదు. ఇచ్చే వాళ్లెవరో గానీ నాకంటే గట్టి పిసినారులు అనుకున్నాను. అంతలో గేటు దగ్గర్నుంచి పెద్దాయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ గిఫ్టు ఈడ ఉండాది. లోపలికి పంపిద్దామంటే నడవనంటాంది."

వెళ్లి చూస్తే గొర్రెపిల్ల. బెంచీ కాలికి కట్టేసి ఉంది. చెట్టు మీది మంచును నములుతోంది. మెడలో ప్లాస్టిక్ కవరు, అందులో నా పేరు రాసిన కాగితం, దానికి పిన్ను కొట్టిన రెండు బస్సు టికెట్లు. నాలుగు నెలల ఆడపిల్ల, ఒళ్లు బాగుంది, సంతలో ఐదు వేలకు తగ్గదు. చూడగానే నాకు తోచింది ఇంతే. దూరంగా ఫోర్క్‌లిఫ్ట్ చాటున అతను నిలబడి ఆకాశం వంక చూస్తున్నాడు. రహస్యం అంతవరకు కాపాడాడు.

"ఏమిది?" అన్నాను అతని దగ్గరికి వెళ్లి.

"నాకేం తెలుసక్కా. ఎవరిచ్చినారో చెప్పకూడదంట కదా."

"మూడో మెమో రాయకుండా ఉండేకి తెచ్చినావా?"

అతని ముఖం మారిపోయింది. "మెమోకీ దీనికీ ఏం సంబంధమక్కా? చీటీలో నీ పేరొచ్చింది. ఏమియ్యాల అని మాయమ్మను అడిగినా. ఎవరికి అనింది. ఆఫీసులో అక్కకి అన్యా. అక్కకైతే గొర్రెపిల్లనియ్యి అనింది. అంతే."

హెచ్.ఆర్. అమ్మాయి ముందు గొర్రెపిల్లతో ఫోటో తీసుకుంది, తర్వాత దాని ధర గురించి ఆలోచించింది. మధ్యాహ్నం మూడింటికి మేనేజరు గదికి పిలుపు వచ్చింది. కాంట్రాక్టు మనిషి తన మీద మెమోలు రాసే ఆఫీసరుకు హద్దు దాటిన బహుమతి ఇస్తే దాన్ని బహుమతి అనరని, దానికి మెమో ఉంటుందని మేనేజరు చెప్పాడు. ఆ లెక్కన అది మూడోది. కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. అతను తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు వ్యాపారస్తుల ఇంటి నుంచి వచ్చారు కదా మేడమ్," అన్నాడు మేనేజరు పెన్ను తీస్తూ. "దీని రేటు మీరే చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను."

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఐదు వేలన్నది పెదాల దాకా వచ్చింది. ధర అడిగితే ధర చెప్పడం నాకు తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది. పైగా గొర్రెపిల్లను తెచ్చి నలుగురిలో నన్ను లంచం తీసుకునేదానిలా నిలబెట్టాడన్న కోపం ఇంకా దిగలేదు. ఒక్క మాటతో అతని ఉద్యోగం పోతుందని తెలుసు. అబద్ధపు ధర చెప్పలేనని కూడా తెలుసు.

బల్ల మీద ఆ ప్లాస్టిక్ కవరు ఉంది. హెచ్.ఆర్. అమ్మాయి సాక్ష్యం కోసం గొర్రె మెడలోంచి విప్పి తెచ్చింది. అందులో టికెట్లు కనబడ్డాయి. నేను అతని వైపు తిరిగాను.

"ఎంత ఖర్చు పెట్టినావు?"

"నాకు ఇరవై అయిదు, దానికి లగేజీ పది, అక్కా. బిల్లు పెట్టమన్నారని పెట్టినా."

నోటీసు ఒకసారి చదవమని హెచ్.ఆర్. అమ్మాయిని అడిగాను. ఖర్చు మూడు వందలు దాటకూడదు, బిల్లు జత చెయ్యాలి అని చదివింది.

"ఖర్చు ముప్పై అయిదు. బిల్లు జత చేశాడు," అన్నాను. "నేను ఇచ్చిన ఫ్లాస్కు ఇంతకంటే ఎక్కువ సార్."

"నేను అడిగింది మార్కెట్ రేటు మేడమ్."

"అమ్మేదానికి రేటు చెబుతాను సార్. ఇది వాళ్లింట్లో పుట్టింది, వాళ్లు అమ్మలేదు. మీరు కొంటానంటే చెప్పండి, రేటు చెబుతాను."

మేనేజరు నా వైపు, టికెట్ల వైపు, కిటికీలోంచి గొర్రెపిల్ల వైపు చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టాడు. మరుసటి ఏడాది నోటీసులో ఇంకో వాక్యం చేరింది, ప్రాణమున్నవి తేకూడదని.

ఉద్యోగం నిలబడింది గానీ గొర్రెపిల్ల మిగిలింది. హిందూపురంలో మాది అద్దె ఇల్లు, మేడ మీద రెండు గదులు. మా అత్తకు ఫోన్‌లో చెబితే, "మేకనా గొర్రెనా?" అని అడిగి పెట్టేసింది. రెండు రోజులు సెక్యూరిటీ పెద్దాయనే మేపాడు. ఆదివారం నేను దాన్ని తీసుకుని బస్సెక్కాను, తిరిగి ఇచ్చేద్దామని. కండక్టరు దానికి పది రూపాయల టికెట్ కొట్టాడు. బేరమాడలేదు.

పెనుకొండ అవతల అతని పల్లె. ఊరి చివర ముళ్లకంప వేసిన దొడ్డి, అందులో పదకొండు గొర్రెలు. వేసవిలో మేత లేక మిగతావి అమ్మేశారట. పదకొండింటిలో ఒకటి నాకు ఇవ్వలేదు, పన్నెండులో ఒకటి ఇచ్చాడని అక్కడ నిలబడ్డాక అర్థమైంది. అతను మేత కోసుకురావడానికి పోయి ఉన్నాడు. వాళ్లమ్మ గడప మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని తలెత్తింది, కళ్లు సరిగా ఆనవు.

"ఇచ్చిన పిల్లను ఎనిక్కి తెస్తారా అమ్మా?" అంది నేను సంగతి చెప్పగానే.

"నాకు చోటు లేదమ్మా. మేపేకి కూడా రాదు."

"దానికేముంది, మా మందలోనే ఉంటాది. చెవికి గుర్తు పెడతా. మా ఇండ్లలో పుట్టిన ఆడబిడ్డకి గొర్రెపిల్లనిస్తాం. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అన్నీ ఆయమ్మవే."

"నేను మీ ఆడబిడ్డను కాదు కదా."

"దినామూ తిడతావంట కదా వాన్ని?" అంది ఆమె. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. "సొంత అక్క కాకపోతే అంతగా తిట్టేకి నీకేం పనిలే అనుకున్యా."

ఆమె లోపలికి పోయి చిన్న కత్తి తెచ్చింది. గొర్రెపిల్లను నన్నే పట్టుకోమంది. చేత్తో తడిమి చూసుకుని ఎడమ చెవి అంచున చిన్న గాటు పెట్టింది. పిల్ల ఒక్కసారి గింజుకుని నా చీర మీద పోసింది. గాయానికి పసుపు అద్దుతూ ఆమె తన మానాన చెప్పుకుపోయింది.

"పొద్దున వాడు పిల్లలకి పాలు తాపి, మందను తోలిచ్చి పోవల్ల. వాళ్ల నాయన పోయినప్పటి నుంచి అంతే. నాకా కండ్లు లేవు. ఏ పిల్ల ఏ తల్లిదో నేను పోల్చలేను. అయ్యేసరికి ఏడు గంటల బస్సు పోతాది. ఆఫీసులో అక్క తిడుతుందని నోట్లో ముద్ద కూడా పెట్టుకోడు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలా సిగ్గేసింది. ఏడాది పొడుగునా అతన్ని తిట్టాను, ఎందుకు ఆలస్యమైందని ఒక్కనాడూ అడగలేదు. రెండు మెమోల్లోనూ కారణం గడిలో ఉన్నది నా చేతిరాతే. చిన్నప్పటి నుంచి అన్నిటికీ ఎంత అని అడగడం నేర్చుకున్నాను, ఎందుకు అని అడగడం ఆ రోజుదాకా తోచలేదు.

సోమవారం షిఫ్టులు వేసే ఆయనతో మాట్లాడి అతనికి తొమ్మిది గంటల షిఫ్టు వేయించాను. రెండు నిమిషాల పని. అతనికి నేను చెప్పలేదు, అతనూ అడగలేదు. కాంట్రాక్టు పొడిగించారు. తర్వాత పది నెలలు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వచ్చేవాడు. తిట్టడానికి ఏమీ దొరక్క, పెట్టెలు వంకరగా పేరుస్తున్నావని తిట్టేదాన్ని. తలొంచుకుని వినేవాడు.

మళ్లీ డిసెంబరు దగ్గరపడింది. దూది మంచు ఇంకా అంటించలేదు. ఒక రోజు అతను పదకొండున్నరకు వచ్చాడు. లారీ నిండా సరుకు దిగకుండా నిలబడి ఉంది. మేనేజరు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. నేను మెమో కాగితం తీశాను. పేరు రాశాను. వచ్చిన వేళ రాశాను. మూడో గడి దగ్గర ఆగి తలెత్తాను.

"ఎందుకు ఆలస్యం?"

"నీ గొర్రె ఈనిందక్కా," అన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. "పిల్ల అడ్డం తిరిగింది. తల్లి పోతాదేమో అనుకున్యా. ఇద్దరూ బాగుండారు. ఆడపిల్లే."

కారణం గడిలో "నా గొర్రె ఈనింది" అని రాసి, కింద సంతకం పెట్టి, హెచ్.ఆర్.కు పంపించాను.