రెండుసార్ల మేస్త్రి బిగించిన స్టీరింగ్

ఆ వీధిలో మేస్త్రిని ఎవరూ అసలు పేరుతో పిలవరు. 'రెండుసార్లు' అంటారు. బండి కింద దూరి నట్టు బిగించి, పైకొచ్చి చేతులు తుడుచుకున్నాక, మళ్లీ దూరి అదే నట్టు మీద పానా పెట్టి చూస్తాడు. షెడ్డుకి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. షెడ్డు ముందు భాగంలో కుట్టుమిషన్ పెట్టుకుని బండ్ల సీట్లకు కవర్లు కుట్టే అతని భార్య, "నేను ఇంట్లో ఉన్నానా లేదా అని కూడా రెండుసార్లు చూసుకుంటారు. మూడోసారి చూస్తే నేనే పారిపోతాను" అని వచ్చినవాళ్లను నవ్విస్తుంది.

ఆ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ల కిందట అతనికి పని చకచకా ముగిస్తాడని పేరు. ఒకరోజు చిన్ననాటి స్నేహితుడైన లారీ డ్రైవరు, వంగిపోయిన స్టీరింగ్ రాడ్డు పట్టుకొచ్చి గంటలో కావాలన్నాడు. మేస్త్రి దాన్ని కోసి, వెల్డింగ్ అతుకు వేసి ఇచ్చాడు. అతుకు లోపలిదాకా దిగలేదని వేస్తున్నప్పుడే చేతికి తెలిసింది. నోరు విప్పి చెప్పలేదు. మూడోరోజు దిగుడులో ఆ అతుకు విడిపోయింది. డ్రైవరు బతికాడు గానీ అతని కుడి మోకాలు వంగడం మానేసింది. ఆ స్నేహితుడు తర్వాత ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మేస్త్రిని లోలోపల తినేసింది. ఆనాటి నుంచి స్టీరింగ్ పని ఏదొచ్చినా పక్క షెడ్డుకి పంపేసేవాడు.

అలాంటివాడి దగ్గరికి ఒక ఉదయం అతని అక్క వచ్చి, జీపు గుమ్మంలో ఆపి, ఎడమచేత్తో తలుపు తీసుకుని దిగింది. కుడిచెయ్యి ఒడిలోంచి లేవడం లేదు.

అక్కకి అరవై ఒకటి. భర్త పోయాక ఆయన నడిపిన పాత ఫోర్‌వీల్ జీపునే తనూ నడుపుతోంది. నాలుగు చక్రాలూ లాగే అలాంటి బండి తప్ప మరేదీ కొండమీది ఊళ్లకు ఎక్కదు. వారానికి మూడురోజులు పైనుంచి నలుగురిని కిందికి, ఆస్పత్రికి, డయాలసిస్‌కి తెస్తుంది. సాయంత్రం ఎవరి గుమ్మంలో వాళ్లను దింపుతుంది. ఆమె ఒక్కరోజు మానితే ఆ నలుగురి ఒంట్లో నీరు నిలిచిపోతుంది.

"డాక్టరు ఏమన్నాడు?" అన్నాడు మేస్త్రి.

"భుజంలో నరం చిరిగిందట. స్టీరింగ్ అయినా మార్చు, పని అయినా మార్చు అన్నాడు. పని మార్చడం కుదరదు. నువ్వు పవర్ స్టీరింగ్ పెట్టు."

"ఈ బండికి పవర్ స్టీరింగ్ రాలేదక్కా, కంపెనీవాడే పెట్టలేదు."

"వేరేదాని మీంచి తీసి పెట్టు. వేరేవాళ్లు పెడుతున్నారటగా."

"వాళ్ల దగ్గరికే వెళ్లు."

"వాళ్లు ఒక్కసారే చూస్తారురా" అంది అక్క.

మేస్త్రి ఆరోజంతా పానా పట్టుకున్న చోటే పట్టుకుని నిలబడ్డాడు. మింగలేక, కక్కలేక మూడురోజులు గడిపి, నాలుగోరోజు తుక్కు దుకాణానికి వెళ్లాడు.

తుక్కు దుకాణం నడిపేది ఆ పాత లారీ డ్రైవరే. చాచిన కాలు ముందుకు పెట్టుకుని ఓ పాత బస్సు సీటులో కూర్చుని ఉంటాడు. మేస్త్రి సంగతి చెప్పాడు. స్నేహితుడు చేతికర్ర ఎత్తి, మూలనున్న వ్యాను వైపు చూపించాడు. వెనకనుంచి గుద్దితే నలిగిన వ్యాను, ముందుభాగం చెక్కుచెదరలేదు.

"దాని స్టీరింగ్ బాక్సు గట్టిది. పంపు, పైపులు, ఆయిల్ డబ్బా అన్నీ కలిపి తీసుకో" అన్నాడు. మేస్త్రి బోల్టులు విప్పుతుంటే చాలాసేపు చూసి, మెల్లిగా అన్నాడు. "అప్పుడు నువ్వు అతుకు వేసినందుకు కాదురా నాకు కోపం. నీకు తెలిసి చెప్పలేదు చూడు, అందుకు. ఈసారి ఏదైనా తేడాగా ఉంటే ఎక్కేవాళ్లకి చెప్పు."

ఇరవై రెండేళ్లకు ఆ మాట బయటికొచ్చింది. మేస్త్రి తల పైకెత్తలేకపోయాడు. చేతిలో బోల్టు మాత్రం తిరుగుతూనే ఉంది.

పని పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆ నలుగురూ అప్పుచేసి కొండమీది వేరే జీపు అద్దెకు మాట్లాడుకున్నారు. స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే ఆ వ్యాను బాక్సు జీపుదానికంటే రెట్టింపు లావు. జీపు చాసిస్‌కి, అంటే బండి మొత్తాన్ని మోసే ఆ ఇనుప దూలానికి, దాన్ని పట్టించడానికి అరంగుళం మందం పలక కోయించి, నాలుగు బోల్టులు దించాడు. ఇంజను బెల్టుతో తిరిగే పంపుకు కొత్త బ్రాకెట్ చేశాడు. స్టీరింగ్ కడ్డీలో ఎక్కడా అతుకు వేయనని ఒట్టు పెట్టుకుని, ఒకే ముక్కలోంచి లేతు మిషను మీద కొత్త రాడ్డు తిప్పించాడు. ముందు చక్రాలు జాకీల మీదికి ఎత్తి మొదటిసారి ఇంజను వేసినప్పుడు భార్యను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు.

"కుడికి తిప్పు."

ఆమె కుడికి తిప్పింది. చక్రాలు ఎడమకు తిరిగాయి.

"ఇది మీ అక్క బండేనండీ, అనుమానం లేదు" అంది భార్య. "ఒకటి చెబితే ఇంకోటి చేస్తోంది."

వ్యానులో వెనక్కి చూసే బాక్సు చెయ్యి, అంటే చక్రాలను లాగే కడ్డీ, జీపులో ముందుకు చూడాలని అప్పుడు తెలిసింది. మళ్లీ అంతా విప్పి, తిప్పి బిగించాడు. ప్రతి నట్టుకూ పసుపురంగు గీత పెట్టాడు, కదిలితే గీత విరిగి తెలిసిపోయేలా. మూడురోజులు చదునైన రోడ్డు మీద తానే నడిపి చూశాడు. చిటికెనవేలితో తిరిగింది. అక్క ఎక్కి, వీధి చివర ఒక్క చేత్తో తిప్పుకుని వచ్చి, ఏమీ అనకుండా తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది.

మర్నాడు తెల్లవారగానే అక్క కొండెక్కింది. ఎనిమిదింటికి మేస్త్రి షెడ్డు ఊడుస్తుంటే చీపురు కింద ఏదో గలగలమంది. వంగి తీశాడు. రెండు కాళ్లుగా చీలిన ఓ చిన్న ఇనుప పిన్ను, కొత్తది, ఇంకా వంచనిది. స్టీరింగ్ రాడ్డు నట్టు ఊడిపోకుండా అడ్డంగా దూర్చి చివరలు వంచే పిన్ను అది. అలాంటివి మూడుచోట్ల పెట్టాలి.

మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. పెట్టాడా? మూడూ పెట్టాడా? రెండుసార్లు చూశాడు, చూసినట్టు జ్ఞాపకం. కానీ బాక్సు విప్పి తిప్పాక చూశాడా, విప్పకముందు చూశాడా? ఫోను తీసి అక్కకు కలిపాడు. కొండమీద సిగ్నలు ఉండదని తెలిసే నాలుగుసార్లు కలిపాడు.

"స్కూటరు తియ్యి" అన్నాడు భార్యతో. ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టలేదు, అలాగే చీరమీద తొడుక్కున్న పనిచొక్కా జేబులో పెట్టుకుని వచ్చింది. ఆమె నడిపింది, అతను పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఎడమ పక్కంతా లోయే. ప్రతి మలుపులోనూ అతను కిందికి చూశాడు. చెట్ల మధ్య జీపు ఆకుపచ్చ రేకు ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికాడు.

"కిందికి చూడకండి, పైకి చూడండి. వదిన పైనుంచే వస్తుంది" అంది భార్య.

ఐదో మలుపు దాటగానే జీపు ఎదురొచ్చింది. మేస్త్రి స్కూటరు ఆగకముందే దూకి, రెండు చేతులూ ఎత్తి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. అక్క బ్రేకు వేసింది. బండిలో నలుగురూ ఉన్నారు. రిటైరైన పోస్ట్‌మాన్, ఓ దర్జీ, పాతికేళ్ల అమ్మాయి, ముందు సీట్లో కాళ్లు వాచిన ఓ పెద్దామె.

"ఏంట్రా?" అంది అక్క.

"ఇంజను ఆపు. చేతిబ్రేకు లాగు."

చక్రాలకు రాళ్లు పెట్టి కింద దూరాడు. మొదటి పిన్ను ఉంది. రెండోది ఉంది. మూడోదీ ఉంది, చివరలు చక్కగా వంచి. ప్యాకెట్లో ఒకటి ఎక్కువ వచ్చిందంతే. వెల్లకిలా పడుకున్నవాడు కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. పైనుంచి పోస్ట్‌మాన్ గొంతు వినిపించింది. "రిజిస్టర్డ్ ఉత్తరం నేను కూడా ఇంత జాగ్రత్తగా ఇవ్వలేదు."

మేస్త్రి లేవబోయి, అలవాటు ప్రకారం రెండోసారి చూశాడు. పిన్నులు కాదు, ఈసారి బాక్సు చూశాడు. కింది బోల్టు పక్కన చాసిస్ మీద వెంట్రుకంత గీత ఉంది. బురద చారేమోనని బొటనవేలితో తుడిచాడు. పోలేదు.

"ఆ సీటు కవర్లు గీసే సుద్ద ఉందా?" అని భార్యనడిగాడు. ఆమె జేబులోంచి తీసిచ్చింది. గీత మీద డీజిల్ గుడ్డతో రాసి, తుడిచి, సుద్ద పొడి చల్లాడు. పొడి తెల్లగా నిలిచింది. కాసేపటికి దాని మధ్యలోంచి నల్లటి చార మెల్లిగా ఊరింది. అది పగులు. పగుల్లో దాగిన డీజిలే బయటికొస్తోంది.

"అక్కా, పైన ఎక్కడైనా బండి ఆపి స్టీరింగ్ తిప్పావా?"

"రాళ్లు పడున్నాయిరా. చక్రం రాయికి ఆనుకుంది. తిప్పితే రాయే పక్కకి జరిగింది. ఇదివరకైతే నా వల్ల అయ్యేదా?"

అప్పుడు అర్థమైంది. ఇదివరకు రాయి అడ్డం వస్తే ముందు అక్క భుజాలు ఓడిపోయేవి. ఇప్పుడు పంపు ఓడిపోదు, భుజాలు ఓడిపోవు. ఓడిపోయే వంతు తుప్పుపట్టిన పాత ఇనుముకొచ్చింది. చదును రోడ్డు మీద మూడురోజులు తిప్పాడు గానీ చక్రం రాయికి ఆనించి ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. తప్పు తనదే.

లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. "చాసిస్ పగిలింది. స్టీరింగ్ దాన్నే పట్టుకుని ఉంది. నేను సరిగ్గా చూడలేదు. ఇలాగే పోతే ఎక్కడిదాకా నిలుస్తుందో నాకు తెలీదు."

అక్కడినుంచి కింద తారురోడ్డు రెండు కిలోమీటర్లు. ఆస్పత్రి వ్యాను అక్కడిదాకానే వస్తుంది. భార్య ముందుగా తేరుకుంది. అమ్మాయిని స్కూటరు ఎక్కించుకుని దిగింది. కింద సిగ్నలు దొరకగానే వ్యానుకి ఫోన్ చేసి, తిరిగొచ్చి దర్జీని, తర్వాత పోస్ట్‌మాన్‌ని తీసుకెళ్లింది. పెద్దామె మాత్రం స్కూటరు మీద కూర్చోలేదు. నాలుగడుగులు నడిస్తే రొప్పుతోంది. రెండురోజులుగా ఒంట్లో నీరు దిగలేదు.

ఈలోగా మేస్త్రి జీపులోని లాగుడు గొలుసు తీసి, బాక్సును అవతలి దూలానికి చుట్టి, ఇనుపకడ్డీతో మెలిపెట్టి బిగించాడు. పగులు చివర ఎక్కడుందో సుద్దతో గీత పెట్టాడు.

"అమ్మా, గొలుసు పట్టుకుంటుందనుకుంటున్నాను. ఒట్టు వెయ్యలేను" అన్నాడు పెద్దామెతో.

"నువ్వెక్కడుంటావు?"

"బండి ముందు నడుస్తాను."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నడువు మరి" అంది.

అక్క బండిని తక్కువ గేరులో వదిలింది. "ఆగి తిప్పొద్దు. దొర్లుతున్నప్పుడే, కొంచెం కొంచెంగా" అన్నాడు మేస్త్రి. బంపరుకు రెండు బారల దూరంలో, బండికేసి తిరిగి వెనక్కి వెనక్కి నడిచాడు. కళ్లు చక్రాల మీద. కుడిచక్రం ఒక వేలు పక్కకి పోయినా తనకే ముందు తగులుతుంది.

"పక్కకి జరగరా" అంది అక్క కిటికీలోంచి.

"నేనుంటే నువ్వు మెల్లిగా పోతావు."

ఐదో మలుపు, నాలుగో మలుపు అయ్యాయి. ఆపించి, దూరి చూశాడు. పగులు సుద్దగీత దాటలేదు. మూడో మలుపులో గోరంత దాటింది. పైకి చెప్పాడు, దాచలేదు. రెండో మలుపు అన్నిటికన్నా ఇరుకు. మధ్యలో టక్కుమని ఇనుము చప్పుడైంది. అక్క కాలు బ్రేకు మీద నొక్కుకుంది. మేస్త్రికి ముందు నుయ్యి, వెనక లోయ. గొలుసు మెలిక ఒక చుట్టు సర్దుకుందని కింద చూశాకే తెలిసింది. మళ్లీ మెలిపెట్టి బిగించేసరికి వేళ్లు తోలూడి రక్తం కారుతున్నాయి. పెద్దామె కళ్లు మూసుకుని, అక్క మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

రెండు కిలోమీటర్లకు గంటంబావు పట్టింది. తారురోడ్డు మీద వ్యాను తలుపు తెరిచి ఉంది. నర్సు పెద్దామెను ఎక్కించుకుంటుంటే అక్క జీపు దిగబోయి, మెట్టు మీదే కూర్చుంది. భార్య వెళ్లి పక్కన కూర్చుంది. మేస్త్రి మళ్లీ బండి కింద దూరి పగులు చూశాడు.

పెద్దామె డయాలసిస్ మెషిన్ మీదికి రెండు గంటలు ఆలస్యంగా వెళ్లింది. సాయంత్రానికి తేరుకుంది. జీపు బాగయ్యేదాకా నలుగురినీ వార్డులోనే ఉండనిచ్చారు.

దానికి మరో తొమ్మిదిరోజులు పట్టింది. మేస్త్రి చాసిస్‌లో తుప్పుపట్టిన ముక్క మొత్తం కోసి తీసేశాడు. కొత్త ఇనుము వేయించడానికి పట్టణంలోకెల్లా మంచి వెల్డరును పిలిచి, తను పక్కనే నిలబడ్డాడు. రెండువైపులా పలకలు, బోల్టులు దూరే కన్నాల్లో గొట్టాలు, బాక్సు నుంచి అవతలి దూలానికి అడ్డకడ్డీ. తర్వాత చక్రానికి బండరాయి ఆనించి, ఇంజను వేసి, నలభైసార్లు ఇటూ నలభైసార్లు అటూ పూర్తిగా తిప్పించాడు. తిప్పింది తుక్కు దుకాణం స్నేహితుడు. చాచిన కాలితో జీపులో ఇమడక తిట్టుకుంటూ తిప్పాడు. మేస్త్రి కింద పడుకుని చూశాడు. సుద్ద తెల్లగానే ఉంది.

ఆ తర్వాత కొండ ఊళ్లనుంచి మరో నాలుగు పాత జీపులు అదే పనికి వచ్చాయి. ఎవరినీ పక్క షెడ్డుకి పంపలేదు. పని మొదలుపెట్టే ముందు చాసిస్ చూపించి, ఎక్కడ బలహీనంగా ఉందో చేత్తో తడిమించి, "ఇది ఇంత. ఆలోచించుకుని చెప్పండి" అనేవాడు. ఒకరు వెళ్లిపోయారు. ముగ్గురు ఉన్నారు.

అక్క ఇంకా నడుపుతూనే ఉంది. భుజం నొప్పి తగ్గింది గానీ ఫిర్యాదు తగ్గలేదు. "మరీ తేలికైపోయిందిరా. చేతులకు పని లేక దారంతా ఆ పోస్ట్‌మాన్ కబుర్లు వినాల్సొస్తోంది" అంటుంది.