శంఖమూ గబ్బిలాలూ

శంఖానికీ గబ్బిలానికీ పోలికేమిటని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. మా అన్న ప్రాణం ఆ రెండిటి మీదే ఆధారపడిన రోజులు నాకు తెలుసు. మంచం పట్టిన మా అవ్వ అనేది: "శంఖంల పురుగు సముద్రంల బతికినన్ని దినాలు మూగదే బిడ్డా. సచ్చినంకనే దాని గొంతు ఊరంత ఇనబడ్తది. గబ్బిలం గట్ల కాదు, బతికుండంగనే గుట్టు బయటవెడ్తది."

నైజాం పాలన చివరి రోజులవి. నేరేడుచర్ల పక్కన మా ఊళ్లో తుపాకులవాళ్లు మకాం వేశారు. నాన్న లేని మా ఇంటికి ఒక్కడే మగదిక్కైన అన్న నైజాంకు ఎదురుతిరిగాడని వెతుకుతున్నారు. దొరికితే కాల్చేస్తారు. అన్న ఊరవతల దొరల కూలిన గడిలో, చిన్నరకం గబ్బిలాలు వేలాడే చీకటి కొట్టులో దాక్కున్నాడు. నారుమడికి గబ్బిలాల పెంట మంచి ఎరువు. దానికోసమన్నట్టు నేను గంపతో వెళ్లేదాన్ని. గంప అడుగున జొన్నరొట్టె ఉండేది.

ప్రమాదం వస్తే శంఖం ఊదాలని, వినగానే అన్న కోదాడ దారి పట్టాలని మాట. మా దగ్గర చావుకు దాసరి శంఖం ఊదుతాడు కనుక ఎవరికీ అనుమానం రాదు. దాసరికీ ఈ గుట్టు తెలుసు.

ఒకనాడు పొద్దుండగానే గబ్బిలాలు గుంపుగా లేచాయి.

"పొద్దుగూకక ముందే ఎందుకు లేసినయ్?" అంటూ తుపాకులవాళ్లు గడివైపు నడిచారు.

శంఖం ఊదాలంటే శవం కావాలి కదా. అవ్వే మంచం దిగి నేలమీద పడుకుంది.

"బొటనవేళ్లు కట్టు. ఇగ నేను సచ్చిన."

కట్టాను. దాసరి ఊదాడు. ఒకడు వాకిట్లోకి తొంగిచూసి పోయేదాకా అవ్వ ఊపిరి బిగబట్టింది. గడిలో వాళ్లకు గబ్బిలాలే దొరికాయి. తెల్లారి ఊళ్లోవాళ్లు అడిగితే, "యముడు నన్ను ఒల్లనన్నడు" అంది అవ్వ.

కొన్నాళ్లకు అన్న తిరిగొచ్చి దగ్గరి జొన్నచేలో దాక్కున్నాడు. ఆ వారమే అవ్వ నిజంగా పోయింది. ఆమె కోరింది మనవడి చేతి నిప్పు. కబురు పంపే దారిలేదు, వాకిట్లో తుపాకులవాళ్లు నిలబడ్డారు, శంఖం ఊదకుండా శవం లేవదు. దాసరి నా ముఖం చూసి, కళ్లు మూసుకుని ఊదాడు. అన్న బదులు దాయాది పాలివాడొకడు నిప్పుకుండ పట్టాడు.

తుపాకులవాళ్లు పోయాక అన్న ఇంటికొచ్చాడు. గంజి తాగుతూ నవ్వాడు.

"శంఖం ఇనంగనే ఉరికిన. అవ్వ మళ్ల సచ్చినట్టు పండుకున్నదా? యాడుంది, పిలువు."