మధ్యలో ఆపడం నేర్పిన సూరిబాబు మాస్టారు

ఎండాకాలం మా పెరటి గోడ పక్కన బకెట్టు నీళ్లు పోస్తే, ఎండిన నేల సుయ్‌మని పీల్చుకుని ఒక వాసన వదులుతుంది. తడిసిన బొగ్గు, ఉప్పు, తుప్పు పట్టిన ఇనుము కలిసిన వాసన. అక్కడ మొక్కేమీ లేదు. అది మా ఇంటి కరెంటుకు ఎర్త్ గొయ్యి. కరెంటు దారి తప్పి ఏ సామాను మీదికైనా పాకితే, మనిషిని వదిలి నేలలోకి దిగిపోవడానికి బొగ్గూ ఉప్పూ పోసి పాతిన గొట్టం. నేల తడిగా ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. గిటార్ ముట్టుకునే ముందు దానికి నీళ్లు పోయడం దాదాపు పదేళ్లుగా నా అలవాటు. లోపల్నుంచి మా అమ్మాయి హారిక, "నాన్నా, మైకు పెట్టేశాను. మీ అభిషేకం అయిందా?" అని కేకేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు సూరిబాబు మాస్టారి చెయ్యి గుర్తొస్తుంది. నా చెంప మీద పడిన చెయ్యి.

నాది నిడదవోలు. మందుల షాపులో పని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఇంగ్లిషు వ్యాకరణం, రేడియో బాగుచేయడం, తేనెటీగల పెంపకం అన్నీ అక్కడి బల్ల మీదే చదివాను. తేనెటీగల్ని ఎన్నడూ పెంచలేదు గానీ, అడిగితే వాటి గురించి అరగంట చెప్పగలను. గిటార్ కూడా అలాగే మొదలైంది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కదా అని మా షాపు యజమాని అనేవాడు. నాకు మాత్రం ఏదైనా అచ్చులో కనిపిస్తేనే నమ్మకం. ఆ నమ్మకం ఎంత పని చేయబోయిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

రాజమండ్రిలో పాత సామాన్ల షాపులో ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ఇంటికి తెచ్చి తగిలిస్తే చప్పుడే లేదు. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగితీగ చుట్టి ఉంటుందనీ, అది తెగితే గిటార్ మూగబోతుందనీ పుస్తకంలో చదివాను. రాగితీగ చుట్టే పని అంటే మా పేటలో ఒక్కరే. రైల్వే గేటు దగ్గర పొలం మోటార్లకు వైండింగ్ చేసే సూరిబాబు మాస్టారు. అరవై దాటిన బక్కపలచని మనిషి. ఊరంతా మాస్టారు అనే పిలిచేది. ఎవరికో పని నేర్పి ఉంటారులే అనుకునేవాణ్ణి.

"ఎక్కడిదిది?" అన్నారాయన, నేను ఊడదీసి తెచ్చిన పికప్‌ను అరచేతిలో పెట్టుకుని.

"రాజమండ్రిలో కొన్నానండి. దీన్ని పికప్ అంటారండి. తీగ కదిలినప్పుడు అయస్కాంతం వల్ల ఇందులో సన్నగా కరెంటు పుడుతుందండి..." అంటూ చదివిందంతా అప్పజెప్పాను.

ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నారు. "అలాగాండి! గురువారం గిటార్ కూడా పట్రండి" అన్నారు.

గురువారం వెళ్తే పికప్ బిగించి, ఆరు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి మెలిపెట్టి, ఒక్క నిమిషంలో శ్రుతి చేసి నా చేతికిచ్చారు. ఫోన్ దగ్గర పెట్టుకుని నేను గంటసేపు కుస్తీ పడే పని అది. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"మీకు గిటార్ వచ్చాండి?"

"నాకు వైండింగ్ వచ్చు" అన్నారు, మళ్లీ మోటారు వైపు తిరిగి.

పక్కన టీ కొట్టాయన నన్ను చూసి నవ్వాడు. "మాస్టారని ఎందుకంటారనుకున్నావు? ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ ఆర్కెస్ట్రా పెట్టినా లీడ్ గిటార్ ఆయనదే. మానేసి ముప్పై ఏళ్లయింది. ఎందుకని మాత్రం అడక్కు" అన్నాడు. నేను అడగలేదు. నేర్పమని మాత్రం మూడు నెలలు వెంటపడ్డాను. చివరికి, "నేను గిటార్ ముట్టుకోను, నోటితోనే చెప్తాను. ఇష్టమైతే ఆదివారాలు మీ ఇంటికొస్తాను" అన్నారు.

మొదటి ఆదివారం వచ్చి నేరుగా పెరట్లోకి నడిచారు. "ఎర్త్ గొయ్యేదీ?" అని వెతికి, దాని మీద పేరుకున్న చెత్త తీయించి, నాచేత రెండు బకెట్ల నీళ్లు పోయించారు. గిటార్ నేర్చుకుందామంటే ఈ చాకిరీ ఏంటని లోపల నవ్వుకున్నాను. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా భార్య పద్మను ఎదురుగా కూర్చోమన్నారు.

"కళ్లు వేళ్ల మీద వద్దు. అమ్మాయి మొహం మీద ఉండాలి. వేళ్లకి దారి తెలుసు, వాటిని చూడక్కర్లేదు. అమ్మాయ్, నువ్వు ఎప్పుడు కళ్లు మూసుకుంటే అప్పుడీయన ఆపెయ్యాలి. సగంలో ఉన్నా సరే."

"పెళ్లిచూపుల్లో కూడా ఈయన ఇంతసేపు చూడలేదు బాబాయిగారూ" అంది పద్మ. ఆయన పకపకా నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

స్వరాలు నోటితో పలికి, గిటార్ మెడ మీద ఏ మెట్టు నొక్కాలో చెప్పి, ఆయన నాకు నేర్పిన ముక్క నాలుగు ఆవర్తాలది. కింది నుంచి మెల్లగా ఎక్కి, పైన ఒక తీగను వంచి నిలబెట్టి, ఏడుపూ నవ్వూ కాని చోటు నుంచి జారి దిగేది. అంత అందమైనదాన్ని నేనెక్కడా వినలేదు. ఏడాది పాటు అదే సాధన. అయితే ఒక్కసారి కూడా చివరిదాకా వాయించనివ్వలేదు. పద్మ కళ్లు మూసుకునేది, నేను ఆపేవాణ్ణి. ఒక్క స్వరం ఆలస్యమైతే, "చూడలేదు నువ్వు" అని మొదటికి తెచ్చేవారు.

"ఆర్కెస్ట్రాల్లో ఇలాగే ఆపేవారాండి?" అని ఒకసారి అడిగాను.

"అబ్బే. అక్కడ రూలు వేరు. పాడే మనిషి లైను మర్చిపోతే లీడ్ వాడు ఏదోటి అల్లి కప్పెయ్యాలి. ఆగినట్టు జనానికి తెలీకూడదు."

"మరి నన్నెందుకు ఆపమంటున్నారు?"

"నీ రూలు వేరు" అన్నారు, అంతే.

రెండో ఏడు నాకు రికార్డింగ్ పిచ్చి పట్టింది. పాత లాప్‌టాప్ ఒకటి, ఒక మైకు, ఒక ఆంప్లిఫయర్ పెట్టె సమకూర్చుకున్నాను. గిటారూ మైకూ పెట్టెకు, పెట్టె లాప్‌టాప్‌కు. అన్నీ కలిపేసరికి హెడ్‌ఫోన్లలో తుమ్మెద దూరినట్టు గుయ్‌మని ఒకటే మోత. మాస్టారు విని, "హమ్మింగ్ ఉండనీ. ఇంట్లో కరెంటున్నాక ఆ మాత్రం పలుకుతుంది" అన్నారు. నాకు సరిపెట్టుకోబుద్ధి కాలేదు. వైండింగ్ చేసే పెద్దాయనకు కంప్యూటర్ రికార్డింగ్ గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

గ్రంథాలయంలో శబ్ద విద్య మీద లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటుంది. ఇంటికివ్వరు, అక్కడే చదివి రాసుకోవాలి. రెండు సాయంత్రాలు నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పడితే కారణం దొరికింది. రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి వలయంలా ఏర్పడితే ఆ మోత వస్తుందట, ఒకదాని ఎర్త్ విడదీస్తే పోతుందట. పేజీ చివరి వాక్యం నోటు పుస్తకంలోకి ఎక్కించేసరికి గ్రంథాలయం మూసే వేళయింది. సమాధానం దొరికిపోయింది కనుక పుస్తకం మూసేశాను. ఇంటికొచ్చి ఆంప్లిఫయర్ ప్లగ్గుకున్న మూడో పిన్ను, లావుపాటి ఎర్త్ పిన్ను, కటింగ్ ప్లేయరుతో తుంచేశాను.

మోత మాయమైపోయింది. హెడ్‌ఫోన్లలో తెల్లకాగితం లాంటి నిశ్శబ్దం. పద్మచేత పాట పాడించి రికార్డు చేద్దామని, మాస్టారికి చూపించి మెప్పు పొందుదామని ఆదివారం దాకా ఆగాను.

ఆయన వచ్చేసరికి పద్మ గది తుడిచి, తలస్నానం చేసి, తడి గచ్చు మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఉంది. మైకు అందుకోబోతోంది. నేను హెడ్‌ఫోన్లు మాస్టారి చెవులకు పెట్టి ముందు రోజు వాయించింది వినిపించాను. విని తలాడించారు. అంతలో ఆ తల ఆగిపోయింది.

"హమ్మింగ్ ఏదీ?"

"తీసేశానండి!" అన్నాను గర్వంగా.

"ఎలా?"

చెప్పాను. హెడ్‌ఫోన్లు కింద పడ్డాయి. "అమ్మాయ్! ముట్టుకోకు!" అని ఆయన పెట్టిన కేకకు పద్మ గోడకు అతుక్కుపోయింది. పరుగున వెళ్లి మెయిన్ ఆపేశారు. ప్లగ్గు పీకి చూశారు. వెనక్కి తిరిగి నా చెంప ఛెళ్లుమనిపించారు.

నాకప్పటికి ముప్పై నాలుగేళ్లు. భార్య ఎదురుగా, మా ఇంట్లో. ఏం జరిగిందో తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక నేను చేసిన పని ఏమిటంటే, నోటు పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచాను. "పుస్తకంలో ఉందండి. నేను రాసుకున్నాను" అన్నాను.

ఆయన దాని వంక చూడలేదు. గచ్చు మీద చతికిలబడి, తుంచిన ప్లగ్గును రెండు చేతులతో పట్టుకున్నారు. పద్మ మంచినీళ్లు తెస్తే తాగలేదు. లేచి వెళ్తూ, "రేపు షాపుకి రా" అన్నారు.

మర్నాడు వెళ్లేసరికి షట్టరు సగం దించి ఉంది. లోపల గోడ మీద దండ వేసిన అమ్మాయి ఫోటో ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆయన కూతురేమో అనుకునేవాణ్ణి. దాని కింద టేప్ రికార్డర్ పెట్టి ఉంది.

"మా చెల్లెలు వరలక్ష్మి. నేను వాయిస్తే పాడేది. పెనుగొండ దగ్గర పల్లెటూర్లో పెళ్లి భోజనాల వేళ ప్రోగ్రాం. విను" అని మీట నొక్కారు.

జనం సందడి, తబలా, ఒక ఆడగొంతు. లేతగా, ధీమాగా ఉంది. వెనక గిటార్. పాత కాసెట్టే అయినా ఎక్కడా మోత లేదు. చరణం మధ్యలో, ఒక మాట సగంలో, గొంతు ఆగింది. ఆ మరుక్షణం గిటార్ అందుకుంది. కింది నుంచి మెల్లగా ఎక్కి, పైన తీగ వంచి...

నా కంటే ముందు నా వేళ్లు గుర్తుపట్టాయి. ఏడాదిగా నేను సాధన చేస్తున్న ముక్క అది. నాలుగు ఆవర్తాలూ పూర్తిగా, మొదటిసారి విన్నాను. జనం ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్లలోంచి ఎవరిదో కేక. అక్కడ టేపు ఆపేశారాయన.

"పొద్దున్న వాన పడింది. పచ్చిక తడిగా ఉంది. పక్కనే దేవుడి పటం పెట్టిన పీట ఉందని చెప్పులు విడిచింది. మైకుసెట్టుకి హమ్మింగ్ వస్తోందని దాని పిన్ను నేనే తుంచాను, ముందు రోజు. మైకులోకి కరెంటొచ్చింది. పట్టుకున్న చెయ్యి వదల్లేకపోయింది. నేను లైను మర్చిపోయిందనుకున్నాను. కప్పేశాను. వేళ్లు చూసుకుంటూ."

మోటారు పెట్టె మీద కూలబడ్డాను. నిన్న తడి గచ్చు మీద నిలబడ్డ పద్మ పాదాలే కనిపిస్తున్నాయి. "కాసెట్టు పాడైపోతుంది మాస్టారూ. కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేసిస్తాను" అన్నాను.

"దాంట్లో శుభ్రం చేయడానికేముంది? శుభ్రంగానే ఉంది" అన్నారు.

"ఆ ముక్కే నాకెందుకు నేర్పారండి?"

ఆయన కాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నారు. "నా చేతిలో అది ఆగలేదు. ఇంకొకరి చేతిలోనైనా మధ్యలో ఆగితే వినాలనిపించింది."

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం తీశాను. నేను ఆపిన చోట పేజీ తిప్పితే, మొదటి వాక్యమే లావు అక్షరాల్లో ఉంది. ప్లగ్గు ఎర్త్ పిన్నును ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదని, అది ప్రాణాంతకమని. ఆ బల్ల దగ్గర ఇరవై ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ఒక్క పేజీ తిప్పలేదు. పుస్తకంలో లేదని దాన్ని తిట్టడానికి కూడా లేకుండా పోయింది.

తర్వాతి ఆదివారం మాస్టారు మామూలుగానే వచ్చారు. కొత్త ప్లగ్గు తెచ్చి స్వయంగా బిగించారు. మోత తిరిగొచ్చింది. "ఆఁ, ఇదిగో" అన్నారు తృప్తిగా. ఆ తర్వాత ఏడేళ్లు వచ్చారు. ఎన్నో పాటలు నేర్పారు. గిటార్ మాత్రం శ్రుతి చేయడానికి తప్ప ముట్టుకోలేదు. కిందటేడు మంచాన పడి, నెల తిరక్కుండా పోయారు. ఆసుపత్రికి నేను గిటార్ పట్టుకెళ్లాను. పద్మ ఎదురుగా కూర్చుంది. ఆ ముక్క మొదలుపెట్టాను. పద్మ కళ్లు మూసుకుంది. ఆపాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. "ఆఁ" అన్నారు.

ఇప్పుడు హారిక పాడుతుంటే నేను వాయిస్తాను. మా రికార్డింగులన్నిటి అడుగునా గుయ్‌మనే మోత సన్నగా ఉంటుంది. దాని స్నేహితురాళ్లు ఎగతాళి చేస్తారట. ఇవాళ కూడా చెప్పులేసుకుని పొడి చాప మీద నిలబడి మొదలుపెట్టింది. రెండో చరణంలో గొంతులో ఏదో అడ్డుపడి మాట మింగింది. నా అరచెయ్యి అప్పటికే తీగల్ని మూసేసింది.

"అబ్బా, నాన్నా! దగ్గొచ్చిందంతే. మీరు కంటిన్యూ చెయ్యొచ్చుగా? బాగా వస్తున్న టేకు పాడుచేశారు."

"దగ్గేనా?"

"దగ్గే!"

దాని మొహం ఇంకొంచెంసేపు చూశాను. "సరే, మొదట్నుంచి" అన్నాను.