హేమలత స్వస్థత కోసం ప్రార్థన

డెబ్బైలలో మా బెజవాడ ఇల్లాళ్లు సీరియల్ నవలల్లోని మనుషుల కష్టాలను ఇరుగుపొరుగు కష్టాలంత నిజంగానే పట్టించుకునేవారు. నేనప్పుడు కాలువల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. దస్తూరి బాగుంటుందని మా పాస్టరుగారు తమ నవలకు నాచేత శుద్ధప్రతి రాయించేవారు. అది వారపత్రికలో ఒక స్త్రీ పేరుతో వచ్చేది. అసలు సంగతి తెలిస్తే సంఘపెద్దలు ఆయన్ను పాస్టరుగా ఉండనిచ్చేవారు కాదు. (నేను నకలు రాయడంతో ఆగలేదు. కథానాయిక హేమలత జబ్బు విషయంలో సందేహానికి తావుండకూడదని, ఎక్స్‌రే తీయించి మరీ రెండు ఊపిరితిత్తులకూ కేన్సర్ అని నిర్ధారింపజేశాను.)

ఒక శనివారం మధ్యాహ్నం వన్ టౌన్‌లో ఒకరింట స్త్రీల ప్రార్థన కూడిక. హేమలత చనిపోయే చివరి భాగం, ముప్పై రెండు పేజీలు, పాస్టరుగారి సంచిలో భద్రంగా పెట్టి నేనూ ఒక మూల కూర్చున్నాను. ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని ఆయన అడగగానే, రిటైరైన నర్సమ్మగారు లేచారు.

"హేమలత కోసమండీ అయ్యగారూ. ఇద్దరు చిన్న పిల్లలు, పాపం."

"ఏ సంఘం వదినా?" అన్నారెవరో.

"సంఘం కాదమ్మా, వారపత్రికలో."

"అయ్యో, మన హేమలతా? నేనూ అదే చెబుదామనుకుంటున్నా."

పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. మామూలుగా ధారాళంగా ప్రార్థించే మనిషి, రెండుసార్లు ఆగి, చెమట తుడుచుకుని ముగించారు.

తిరిగి వస్తూ కాలువ గట్టు మీద, "అబ్బాయ్, ఆ పిల్లని బతికించాలి," అన్నారు.

"ఎలాగండీ? ఎక్స్‌రే ఉంది కదా."

"ఎవరు తీయించమన్నారు?"

"నేనేనండీ."

"అయితే దారి కూడా నువ్వే చూడు. నేను ఆమేన్ అనొచ్చాను."

ఎక్స్‌రే కవర్లు తారుమారయ్యాయని రాశాం. (అంత సిగ్గుమాలిన పరిష్కారం నా ఉద్యోగ జీవితంలో మరొకటి లేదు.) ఆ భాగం అచ్చయిన వారం కూడికలో స్తుతులు మిన్నంటాయి. నర్సమ్మగారు కృతజ్ఞతగా అరటిపళ్ల గెల తెచ్చి, "మీ ప్రార్థనేనండీ," అన్నారు. పాస్టరుగారు ఆ గెలను ముట్టుకోలేకపోయారు. "ఆ నవల రాస్తున్నది నేనేనమ్మా," అనేశారు.

"అయితే జబ్బు కూడా మీరే చేయించారా అయ్యగారూ?" అన్నారు నర్సమ్మగారు, ఎంతో బాధగా.

సంఘపెద్దలు తప్పుకోమని నెల గడువిచ్చారు. ఆయన పాస్టరు పని వదిలి, తర్వాత సొంత పేరుతోనే నవలలు రాసుకుంటూ బతికారు; మొదటి పాఠకులు ఆ కూడిక వారే. హేమలత కథ ఇప్పుడు చదివినా ఆ కవర్ల దగ్గర దిద్దుదామని నా చెయ్యి కలం మీదికి పోతుంది. అంత కచ్చితంగా ఆమెను చంపబోయిన ఇరవై మూడేళ్ల డ్రాఫ్ట్స్‌మన్‌ను తలచుకుని నవ్వుకుంటాను, దిద్దకుండానే పేజీ తిప్పేస్తాను.