అమ్మ ఆగిన చోట

అమెరికాలో, చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో గడిచిన నా చిన్నతనం గురించి చాలామందికి చాలా చెప్పాను గానీ ఒక్క సంగతి దాచాను. పియానో మీద నాకు పేరు తెచ్చిన, పై స్వరం దగ్గర కాసేపు ఆగే ఆ అలవాటు నాది కాదు, మా అమ్మది. నిన్న వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన ఘుప్పుమంటుండగా, ముందుగదిలో మా అమ్మాయి నేను చిన్నప్పుడు వాయించిన నాక్టర్న్‌నే వాయిస్తూ పై స్వరం దగ్గర తొందరపడింది. ఇక దాచలేకపోయాను.

ఆ నాక్టర్న్ పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో ఎవరో రాత్రివేళ ఒంటరితనం మీద రాసుకున్న రెండు పేజీల పియానో రచన. నాకు పదకొండేళ్ళప్పుడు, ఆ చలికాలమంతా, హీటర్ పక్కన ఆరే మంచుబూట్ల వాసన, పాత పియానో చెక్క వాసన, నాన్న చికాగో రైలు దిగి వచ్చే వేళకి అమ్మ కాచే చారు వాసన కలగలిసిన ఆ ఇంట్లో, కిటికీ బయట మధ్యాహ్నానికే మసకబారే వెలుతురు చూస్తూ దాన్నే వాయించేవాణ్ణి. అమ్మ పొయ్యి దగ్గర నుంచే నాతోపాటు కూనిరాగం తీసేది. పాట పైకెక్కిన చోట మాత్రం, మూకుట్లో ఆవాల చిటపట అణిగేదాకా ఆ స్వరం మీదే నిలబడి, అప్పుడు మెల్లగా కిందికి దిగేది.

"ఏరా, ఎవరన్నా తరుముతున్నారా? అంత పైకెక్కినవాడివి, కాస్త చుట్టూ చూసి దిగరాదూ!"

నవ్వుతూనే నేర్చుకున్నాను. చర్చి హాల్లో పిల్లల కచేరీ రోజున అలాగే ఆగాను. హాలంతా ఊపిరి బిగబట్టింది. మా పియానో టీచర్ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, అలా ఆగడం ఎవరు నేర్పారని అడిగింది. పట్టుచీర మీద ఉన్ని కోటు తొడుక్కుని అమ్మ రెండో వరసలో కూర్చుంది. బళ్ళో నా స్వెటర్‌కి పోపు వాసనని ముక్కు మూసుకునే పిల్లలు ఆ వెనకే ఉన్నారు.

"నోబడీ," అన్నాను.

అమ్మ చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి నేను పియానో ముందు కూర్చోగానే వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసేసేది. ఆ హోరులో కూనిరాగం ఉందో లేదో నాకు తెలియలేదు. లేచి వెళ్ళి చూడనూ లేదు.

నిన్న అమ్మాయిని ఆపి, ఎక్కడ ఆగాలో చూపించాను.

"కానీ నాన్నా, వెయిట్ చేయాలని ఇక్కడ రాసి లేదు కదా. ఎవరు చెప్పారు?"

"నానమ్మ."

గరిటె చేతిలోనే పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆగమన్నాను గానీ, మరీ ఇన్నేళ్ళా!" అంది. మనవరాలు అడిగితే పాడి చూపించబోయింది. గొంతు సగం దాకా వెళ్ళి జీరబోయింది. నా చిన్నప్పటి ఆ పాత పియానో ఎప్పుడో అమ్మేశాం, ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు, ఆ పై స్వరం ఇక అమ్మకి అందదు.

గరిటె అందుకుని పక్కన పెట్టి, ఆమె చేతులు పట్టుకున్నాను.

"అమ్మా, ఆ రోజు నీ పేరు చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను. తప్పు చేశానమ్మా."