ఆముదం రాసిన బూట్లు

అరవైల చివరి మాట. విశాఖపట్నంలో ఏటా మారథాన్ పరుగు జరిగేది. ఇరవయ్యారు మైళ్లు! బుద్ధున్నవాడెవడైనా పరిగెడతాడా? మా తమ్ముడు పరిగెత్తాడు. ఆ ఏడు మొదటి ముగ్గురికీ ఉద్యోగాలిస్తామని ఒక మిల్లువాళ్లు చెప్పారు. చీపురుపల్లిలో కూలి చేసుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

వాడు రోజూ రైలుకట్ట పక్కన ఒట్టి కాళ్లతో పరిగెత్తేవాడు. పట్నంలో మాత్రం బూట్లు తప్పనిసరి అన్నారు. మిషను బడి డ్రిల్లు మేస్టారు తన కాన్వాసు బూట్లు ఇచ్చారు. కాస్త బిగువు. తోలు చెప్పులు కరిస్తే ఏం చేస్తాం? ఆముదం రాస్తాం. మా అమ్మ రాసేది, వాడి అక్కని, నేనూ రాశాను. వాడికి చెప్పకుండా, లోపలంతా పట్టించి మరీ రాశాను. గుడ్డ బూటుకి ఆముదం పనికిరాదని నాకెవరు చెప్పారు?

బయల్దేరే గీత దగ్గర వాడు అడుగు వేస్తుంటే మడమ బూటులో అటూ ఇటూ జారుతోంది. అయ్యో అనుకునేసరికి ఈల వేసేశారు.

పరుగు ముగిసే చోట, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డాను. ముందు ఇద్దరు మిలిటరీవాళ్లు వచ్చారు, చెమటైనా పట్టనట్టు. మూడోవాడు మావాడే! వెనకాలే పది గజాల్లో కలకత్తా నుంచి వచ్చిన పొడుగాటి మనిషి.

"ఒరే, ఎనక్కి సూడకు! పరిగెట్టు!" అని గొంతు పోయేలా అరిచాను.

ఆఖరి మలుపులో వాడి ఎడమకాలు జారింది. తూలి, నిలదొక్కుకున్నాడు. ఆ కాస్తలోనే కలకత్తా మనిషి దాటేశాడు. నాలుగడుగుల తేడా. మావాడు నాలుగోవాడయ్యాడు.

బూట్లు విప్పితే మడమల తోలు ఊడొచ్చింది. నా తప్పు నాకు తెలుసు, అందుకే ఇంకా గట్టిగా నోరు చేసుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద. ఆ బూట్లిచ్చిన మేస్టారిని తిట్టాను, రూలు పెట్టినవాళ్లని తిట్టాను. వాడు తలొంచుకుని విన్నాడు.

రైలెక్కాక ఉండబట్టలేకపోయాను.

"ఒరే, ఆ బూట్లకి ఆముదం నానే రాసినానురా."

"తెల్సప్పా. తొడిగినప్పుడే వాసనొచ్చింది. తుడిసినాను గానీ పోనేదు."

"మరి నాను మేస్టార్ని తిడతంటే నోరు మూసుకుని కూకున్నావేటి?"

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అందరి ముందూ ఏడిసేస్తావని" అన్నాడు.

విజయనగరం దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే వాడు మడమలకి గుడ్డలు చుట్టుకుని కూలికి వెళ్లాడు.